సొర పిందెలు వేలెడంత అయ్యి రాలిపోతున్నాయి, ఏ మందు కొట్టాలి?

ఐదో అంతస్తు తోట (నిజాంపేట, హైదరాబాద్):

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద గ్రో బ్యాగుల్లో కూరగాయలు పెంచుతున్నాను. సొర, బీర ఇనప పైపుల పందిరికి ఎక్కించాను. వంగ, టమాటా, చిక్కుడు ఉన్నాయి. ఒక టబ్బులో చామ, మెట్ల పక్కన రెండు నందివర్ధనం మొక్కలు. తీగలు బ్రహ్మాండంగా అల్లుకున్నాయి, పూతకేం లోటు లేదు. కానీ సొర పిందె వేలెడంత అవ్వగానే కొస నుంచి పసుపు తిరిగి, ముడుచుకుపోయి రాలిపోతోంది. బీర కూడా అంతే. వంగ పూత నిలవట్లేదు. టమాటా మాత్రం బాగానే కాస్తోంది, అదే నాకు అర్థం కావట్లేదు.

ఎరువుల షాపులో అడిగితే ముందు బోరాన్ ఇచ్చారు, తర్వాత పూత రాలకుండా ఏదో హార్మోన్ మందు ఇచ్చారు. రెండూ వాడాను, తేడా లేదు. ప్రతి ఆదివారం సాయంత్రం చల్లబడ్డాక తోటంతా వేపనూనె కొడతాను. పురుగులు కనిపిస్తే చేత్తో ఏరేస్తాను. నందివర్ధనం మీద చూపుడువేలంత లావు ఆకుపచ్చ పురుగులు వస్తున్నాయి, తల దగ్గర రెండు నీలం మచ్చలు ఉంటాయి. తెల్లారేసరికి కొమ్మ బోసిగా మిగులుతోంది. చామాకుల మీద తోక దగ్గర కొమ్మున్న పురుగులు. చిక్కుడు తీగకి చీమలు బారులు తీరి ఎక్కుతున్నాయి.

మా అత్తయ్య వాళ్లది సూర్యాపేట వైపు పల్లెటూరు. అక్కడ సొర తీగని గడ్డివాము మీదికి వదిలేస్తే ఎవరూ పట్టించుకోకుండానే కాసేదట. ఇన్ని పోషకాలు ఇస్తున్నా ఇక్కడెందుకు కాయదు? ఇంకొకటి, మా సన్‌షేడ్ కింద పెద్ద తేనెపట్టు ఉండేది. చిన్నపిల్లలు ఉన్నారని భయపడి తీయించేశారు. దానికీ దీనికీ సంబంధం ఉందంటారా? ఏ మందు కొట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్. పొద్దున్నే లేచి రాలిన పిందెలు ఏరుకోవడమంటే టెన్షన్‌గా ఉంటోంది.

మిద్దె తోట (విజయవాడ):

ముందు రాలిన పిందెని నిలువునా కోసి చూడండి. పైన గుండుసూది గుచ్చినట్టు చుక్క, అందులోంచి జిగురు, లోపల తెల్లటి చిన్న పురుగులు ఉంటే అది పండు ఈగ పని. దానికి క్యూల్యూర్ (మగ ఈగల్ని రప్పించే వాసన మందు) బుట్ట కట్టాలి, మగ ఈగలు అందులో పడతాయి. రాలినవి కంపోస్టులో వేయకుండా కవర్లో కట్టి ఎండలో పడేయాలి. లోపల శుభ్రంగా ఉంటే మాత్రం పురుగు కాదు, పరాగ సంపర్కం జరగలేదని అర్థం.

ఐదో అంతస్తు తోట:

కోసి చూశానండి. పురుగు లేదు, గాటు లేదు. లోపలంతా తెల్లగా ఉంది.

రిటైర్డ్ బోటనీ లెక్చరర్ (తెనాలి):

అమ్మా, మీ మొక్కలకి జబ్బేమీ లేదు. మందు అక్కర్లేదు. ఉన్న మందులు కూడా పక్కన పెట్టండి.

జవాబు మీరు రాసిన దాంట్లోనే ఉంది. టమాటా కాస్తోంది, సొర బీర కాయట్లేదు అన్నారు కదా. టమాటాలో ఒకే పువ్వులో మగ భాగం, ఆడ భాగం రెండూ ఉంటాయి. ఐదో అంతస్తు గాలికి కొమ్మ ఊగితే చాలు, ఆ పుప్పొడి ఆ పువ్వు మీదే రాలి కాయ కడుతుంది. సొర, బీరలో మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. సన్నటి పొడుగాటి కాడ మీద ఉత్త పువ్వు ఉంటే మగది. పువ్వు వెనకాల నూగు నూగుగా బుల్లి సొరకాయ ఉంటే ఆడది. చాలామంది ఆ బుల్లికాయని చూసి కాయ కట్టేసిందనుకుంటారు. అది అప్పటికి ఇంకా పువ్వులో భాగమే. దాని మీదికి మగ పువ్వు పుప్పొడి చేరితే పెరుగుతుంది, చేరకపోతే తీగే దాన్ని వదిలించుకుంటుంది. ఈ తీగల పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది, గాలికి ఎగరదు. ఎవరో ఒకరు మోసుకురావాల్సిందే.

ఆ మోసుకొచ్చేవాళ్లు ఎవరు, ఎప్పుడొస్తారు అన్నదే అసలు విషయం. దోస, కాకర, గుమ్మడి పూలు తెల్లవారుజామున, పొద్దుటిపూట విచ్చుకుంటాయి. వాటికి తేనెటీగలు చాలు. సొర, బీర అలా కాదు. ఇవి సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది లోపు విచ్చుకుంటాయి. సొర పువ్వు రాత్రంతా తెరుచుకునే ఉండి, మర్నాడు ఎండెక్కేసరికి వడలిపోతుంది. తెల్లటి తెలుపు, చీకట్లో కూడా కనిపించే తెలుపు. అది రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం.

ఈ రోజు సాయంత్రం టెర్రస్ లైట్లు వేయకుండా పందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చోండి. ముందు మొగ్గ కొస వదులవుతుంది, తర్వాత నలిగిన పల్చటి గుడ్డలా రేకులు విడతాయి. మా పెరట్లో అయితే మసక చీకటి పడ్డాక ఫ్యాన్ తిరిగినట్టు సన్నటి హోరు వినిపిస్తుంది. పురుగు పువ్వు మీద వాలదు. గాల్లోనే ఒక్కచోట నిలబడి, చుట్ట చుట్టుకున్న నాలుకని చాపి, పువ్వు అడుగున ఉన్న తేనెలోకి దించుతుంది. రెండు మూడు క్షణాలే. వెంటనే ఇంకో పువ్వు. దాని మొహానికి, నాలుక మొదలుకి పసుపు పొడి అంటుకుని ఉంటుంది. దానికి తెలియకుండానే అది మన సొరకాయ పని చేసిపెట్టి వెళ్తుంది. తెల్లవారాక ఇంకా వడలని పూల మీదికి తేనెటీగలు వచ్చి మిగిలిన పని చేస్తాయి. అందుకని మీరడిగిన తేనెపట్టుకీ దీనికీ సంబంధం కొంత ఉంది, పూర్తిగా లేదు.

ఇప్పుడు మీ ఆదివారం సాయంత్రపు వేపనూనె సంగతి. మందు సాయంత్రం కొట్టండి, తేనెటీగలుండవు అని అందరూ చెప్తారు. పొద్దున విచ్చుకునే పూలకి అది మంచి మాటే. సొర, బీరకి సరిగ్గా తప్పు వేళ అదే. పువ్వు తలుపు తీసే సమయానికి దాని మీద నూనె పడుతోంది.

ఈ వారం పిందెల కోసం చేత్తోనే చేయండి. సాయంత్రం విచ్చుకున్న మగ పువ్వుని కోసి, రేకులు తీసేసి, మధ్యలో ఉన్న పుప్పొడి కాడని ఆడ పువ్వు మధ్యకి మెల్లగా అద్దండి. ఆడ పువ్వు మధ్యలో మూడు తమ్మెలు ఉంటాయి, మూడింటికీ అంటాలి. ఒక పక్కే అంటితే లోపల గింజలు ఒక పక్కే కడతాయి, కాయ వంకరగా, ఒక వైపు నొక్కినట్టు పెరుగుతుంది. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకి సరిపోతుంది. మర్నాడు పొద్దున్న ఎండ రాకముందు చేసినా పనికొస్తుంది.

కానీ రోజూ చేత్తో అద్దుకుంటూ కూర్చోవడం నా దృష్టిలో సగం జవాబే. మీరు ఏరేస్తున్న పురుగుల గురించి రాశారు చూడండి, అది చదివి నాకు ప్రాణం చివుక్కుమంది. నందివర్ధనం మీద నీలం మచ్చల ఆకుపచ్చ పురుగు, చామ మీద కొమ్ము తోక పురుగు ఇవే పెద్దయ్యాక రాత్రి పూల మీదికొచ్చే రెక్కల పురుగులవుతాయి. నందివర్ధనం, గన్నేరు ఆకులు తినే పురుగు ఒక జాతి, చామాకులు తినేది దానికి దగ్గరి చుట్టమైన ఇంకో జాతి. రెండూ రాత్రి పూల మీదికొచ్చే ఆ రెక్కల పురుగుల కుటుంబానివే. మెట్ల దగ్గర పిల్లల్ని ఏరేసి, పందిరి దగ్గర తల్లి కోసం చూస్తున్నట్టయింది.

మీ అత్తయ్యగారి గడ్డివాము దగ్గర ఏముంది? పక్కన దడి, దడి మీద రకరకాల తీగలు, కాలవ గట్టున చామ దుబ్బులు, కింద ఊడ్చని ఎండుటాకులు. ఈ పురుగులు తినడం అయ్యాక కిందికి దిగి ఎండుటాకుల్లోనో పైపైన మట్టిలోనో దూరి రెక్కలొచ్చేదాకా కోశస్థ దశలో నిద్రపోతాయి. రాత్రి దీపాలు తక్కువ. ఆవిడ పట్టించుకోలేదు అన్నారు, ఆ ఊరంతా పట్టించుకుంది. మీ టెర్రస్ మీద పువ్వు ఒక్కటే ఉంది. వచ్చేవాళ్లు పువ్వు దగ్గర గడిపేది కాసేపు. గుడ్డు పెట్టడానికి ఆకు కావాలి, పిల్ల ఎదగడానికి ఆకు కావాలి, నిద్రపోవడానికి మట్టి కావాలి. అవి ఉన్నచోటికి వాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు.

పామాయిల్ రైతు (ద్వారకా తిరుమల దగ్గర):

మేడమ్ గారు చెప్పింది మా తోటల్లో రోజూ చూసేదేనండి. పామాయిల్ చెట్టుకి కూడా మగ గెలలు వేరు, ఆడ గెలలు వేరు, ఒకే చెట్టుకి వేర్వేరు కాలాల్లో వస్తాయి. ఈ చెట్టు ఆఫ్రికా నుంచి వచ్చింది. మొక్క వచ్చింది గానీ దానితో కాపురం చేసే పురుగు రాలేదు. మలేషియాలో మనుషుల్ని పెట్టి పుప్పొడి చల్లించేవాళ్లు. 1981లో కామెరూన్ నుంచి ఒక చిన్న ముక్కు పురుగుని తెచ్చి వదిలారు, చేత్తో చల్లే పని పోయింది. మన దేశంలో 1985లో కేరళ తోటల్లో వదిలారు.

నల్లగా, బియ్యపు గింజలో సగం కూడా ఉండదు. మగ గెల పూత మీదుంటే సోంపు వాసన గుప్పుమంటుంది, దగ్గరికెళ్తే వేల పురుగులు పాకుతుంటాయి. ఆ పూలలోనే గుడ్లు పెడతాయి, పిల్లలు వాడిపోయిన మగ పూలనే తిని పెరుగుతాయి. ఆడ గెల దగ్గర వాటికి తిండి ఏమీ లేదు. కానీ అది కూడా అదే సోంపు వాసన వేస్తుంది. ఆ వాసన పట్టుకుని వెళ్లి, ఒంటికున్న పుప్పొడి అక్కడ దులిపి, ఏమీ దొరక్క తిరిగొస్తాయి. మా టన్నులన్నీ ఆ రాకపోకల మీదేనండి.

లేత తోటల్లో మగ గెలలు తక్కువ ఉన్నప్పుడు పురుగూ తక్కువే ఉంటుంది. గెల కోసి చూస్తే లోపలి కాయలు కట్టకుండా తాలుగా కనిపిస్తాయి. అప్పుడు ముదురు తోటలో పురుగులున్న మగ గెల కోసుకొచ్చి కొత్త తోటలో పెడతాం. కొందరు కొత్త రైతులు వాడిపోయిన మగ గెలలు చెత్తలా ఉన్నాయని నరికి పారేస్తుంటారు. వాటిలోనే పిల్లలుంటాయని చెప్తే ఆశ్చర్యపోతారు. మీ నందివర్ధనం పురుగు సంగతి చదవగానే అదే గుర్తొచ్చింది.

మెట్ట రైతు (నంద్యాల):

పొద్దుతిరుగుడులో మాకూ ఇదే బాధ. తేనెటీగలు రాకపోతే పువ్వు పళ్లెమంత ఉంటుంది, మధ్యలో గింజంతా తాలు. పూత మీద ఉన్నప్పుడు పలచటి గుడ్డ చేతికి చుట్టుకుని పొద్దున ఎనిమిది నుంచి పదకొండు లోపు, రోజు విడిచి రోజు, ఒక్కో పువ్వు మీద మెల్లగా రుద్దుతాం. ఎకరమంతా తిరిగి రుద్దాలంటే కూలీ ఎంతవుతుందో ఆలోచించండి. ఎకరాకి రెండు తేనెటీగల పెట్టెలు పెడితే ఆ పని అవే చేస్తాయి. అందుకే పూత మీద పురుగుమందు కొట్టేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది, వాళ్ల పొలంతో పాటు చుట్టుపక్కల వాళ్ల గింజ కూడా పోతుంది.

ఐదో అంతస్తు తోట:

టీచర్ గారూ, నిన్న సాయంత్రం కూర్చుని చూశాను. మీరన్నట్టే ఆరు దాటాక సొర పూలు విచ్చుకున్నాయి, ఇన్నాళ్లూ నేను చూసినవన్నీ పొద్దున వాడిపోయినవే. మూడు ఆడ పూలకి చేత్తో అద్దాను. రెక్కల పురుగు మాత్రం ఒక్కటీ రాలేదు. పక్క బ్లాక్ ఫ్లడ్‌లైట్ మా పందిరి మీదే పడుతుంది, దాని చుట్టూ ఏవో ఎగురుతున్నాయి.

నాలుగు అనుమానాలు. పురుగుల్ని వదిలేస్తే నందివర్ధనం మొత్తం తినేయవా? వంగకి ఏం చేయాలి? చిక్కుడు మీద చీమల్ని ఏం చేయాలి? ఆ తీగ మీదే నల్లగా ముళ్లు ముళ్లుగా ఏవో చిన్న పురుగులు కూడా తిరుగుతున్నాయి. ఇక తేనెటీగలు మళ్లీ పట్టు పెడితే మా అసోసియేషన్ వాళ్లకి ఏమని చెప్పను?

రిటైర్డ్ బోటనీ లెక్చరర్ (తెనాలి):

బాగా చూశారమ్మా. ఆ లైటు చుట్టూ ఎగిరేవాటిలో మీ పందిరికి రావాల్సినవి కూడా ఉంటాయి. దీపం చుట్టూ తిరిగి తిరిగి అలిసి పడిపోతాయి, పువ్వు దాకా రావు. పక్క బ్లాక్ వాళ్లతో మాట్లాడి లైటుని కిందికి తిప్పించండి, లేదా పందిరి ఆ వైపు షేడ్ నెట్ కట్టండి.

నందివర్ధనం గట్టి మొక్క. ఆకులన్నీ పోయినా మళ్లీ చిగురేస్తుంది. రెండు మొక్కలున్నాయి కాబట్టి ఒకటి మీకు, ఒకటి వాటికి. మీ మొక్క మీద కనిపించినవి తీసి రెండోదాని మీద వదలండి. చామ కూడా అంతే, టబ్బులో నాలుగు ఆకులు పోతే దుంపకి నష్టమేమీ లేదు. ఆ కుండీల్లో ఎండుటాకులు తీసేయకుండా రెండు అంగుళాల మందాన వదలండి. మట్టి తిరగేసేటప్పుడు గోధుమ రంగులో, రెండు వేలి కణుపులంతో ఇంకాస్త పొడుగో, ముట్టుకుంటే కదిలే కాయలాంటిది కనిపిస్తే పారేయకండి. అది రేపటి రెక్కల పురుగు.

వంగ సంగతి వేరే. ముందు తెలుసుకోవాల్సింది, వంగ పూత అంతా నిలవదు. కీలం, అంటే పువ్వు మధ్యలో ఉండే ఆడ కాడ, పొడుగ్గా బయటికి వచ్చిన పూలే కాస్తాయి. కీలం పొట్టిగా లోపలే ఉండిపోయినవి సహజంగా రాలిపోతాయి, వాటి కోసం బాధపడకండి. పొడుగు కీలం ఉన్నవి కూడా రాలుతుంటే పుప్పొడి బయటికి రావట్లేదని. వంగ పువ్వు మధ్యలో పసుపు గొట్టాలు ఉంటాయి, పుప్పొడి వాటి కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచి మాత్రమే రాలుతుంది. మామూలు తేనెటీగకి అది దులపడం రాదు. పొట్ట మీద నీలం పట్టీలున్న ఒక రకం ఈగ, ఇంకా తుమ్మెద, ఆ గొట్టాన్ని పట్టుకుని ఒళ్లంతా జుమ్మని అదిరిస్తే పుప్పొడి రాలుతుంది. దగ్గర నిలబడితే ఆ శబ్దం తేడా తెలుస్తుంది, ఎగిరేటప్పుడు ఒక స్థాయి, పువ్వు పట్టుకున్నాక ఇంకో స్థాయి. ప్రస్తుతానికి బ్యాటరీ టూత్‌బ్రష్ వెనక వైపు పువ్వు కాడకి ఆనించి ఒక్క క్షణం ఆన్ చేయండి, పొద్దుటిపూట చేస్తే మంచిది.

ఆ నీలం పట్టీల ఈగ పట్టు పెట్టదు. మట్టి గోడల్లో, గట్టి మట్టిలో బొరియ చేసుకుని ఒంటరిగా గుడ్లు పెడుతుంది. మన ఇళ్లన్నీ సిమెంట్ అయ్యాక దానికి చోటు పోయింది. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మెత్తగా కూలిపోతుంది, పనికిరాదు. ఒక పాత తొట్టిలో బంకమట్టి, ఎర్రమట్టి కలిపి తొక్కి, పక్కకి పడుకోబెట్టి వాన తగలని చోట ఎండబెట్టి ఉంచండి. తుమ్మెదకి ఎండిన కర్ర, వెదురు కావాలి. మీ పందిరి ఇనప పైపులు కాబట్టి దానికి ఏ ఉపయోగమూ లేదు. బొటనవేలంత బోలున్న ఎండు వెదురు ముక్కలు నాలుగు కట్టి పైపుకి వేలాడదీయండి. చిక్కుడు పువ్వుని తెరవగల బలం తుమ్మెదకుంది, చిక్కుడు కూడా బాగుపడుతుంది.

చిక్కుడు మీద చీమలు ఎక్కుతున్నాయంటే లేత కొసల్లో నల్ల పేనుబంక ఉండే ఉంటుంది. పేనుబంక విసర్జించే తియ్యటి బంక కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. దగ్గరికొచ్చే శత్రువుల్ని తరిమేస్తాయి. పైపు కాళ్లకి గ్రీజు పూయండి, చీమ ఎక్కదు. చీమ ఎక్కకపోతే అక్షింతల పురుగులు వచ్చి పేనుబంకని తినేస్తాయి. మీరు రాసిన ముళ్లు ముళ్ల నల్ల పురుగుల ఒంటి మీద నారింజ మచ్చలున్నాయేమో చూడండి. ఉంటే అవి అక్షింతల పురుగు పిల్లలే. పెద్దదాన్ని చూసి ముచ్చటపడి, పిల్లని చూసి నలిపేస్తారు చాలామంది. నలపకండి, పిల్ల కూడా బోలెడంత పేనుబంకని తింటుంది. ఇంకా తొందరగా తగ్గాలంటే పైపుతో ఉత్త నీళ్లు కొసల మీద గట్టిగా కొట్టండి. కొత్తిమీర ఒక కుండీలో కోయకుండా పూతకి వదిలేయండి, ఈ మేలు చేసే పురుగులు పెద్దయ్యాక ఆ చిన్న పూల పుప్పొడి, తేనె కూడా తింటాయి.

తేనెపట్టు గురించి మీవాళ్ల భయం న్యాయమైనదే. సన్‌షేడ్ల కింద అంత పెద్ద పట్టు పెట్టేవి కొండ తేనెటీగలు, కదిలిస్తే గుంపుగా వచ్చి కుడతాయి, ప్రాణాల మీదికి వస్తుంది. కానీ అవి ఒకచోట ఏడాదంతా ఉండేవి కావు. పూతని బట్టి వలస వస్తాయి, పూత అయిపోయాక వాటంతట అవే వెళ్లిపోతాయి. పట్టు మనిషికి అందనంత ఎత్తులో, ఎవరూ తిరగని వైపు ఉంటే ఆ కొన్ని నెలలు కిటికీకి నెట్ కట్టి, రాత్రి ఆ వైపు లైటు ఆపేసి, పిల్లలు రాళ్లు విసరకుండా చూసుకోమని చెప్పండి. బాల్కనీ పక్కనే పెడితే తీయించక తప్పదు. అప్పుడు కూడా మందు కొట్టి చంపేవాళ్లని కాకుండా, ఈగల్ని బతికించి పంపే పనివాళ్లని పిలవమనండి. పొద్దునపూట మీ టెర్రస్ మీదికి వచ్చేవి చాలావరకు వేరే రకం. చిన్నవి, గుబురు కొమ్మల్లో అరచేయంత పట్టు పెట్టుకునేవి. వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

2007లో కొందరు శాస్త్రవేత్తలు ప్రపంచంలో ముఖ్యమైన 115 ఆహార పంటల్ని లెక్క తీస్తే 87 పంటలకి కాయో గింజో కట్టడంలో ఇలాంటి ప్రాణుల సాయం అంతో ఇంతో ఉందని తేలింది. వరి, గోధుమ, మొక్కజొన్న లాంటివి వాటి అవసరం లేకుండా పండుతాయి, కాబట్టి కడుపు నిండుతుంది. కానీ కూర, పండు, నూనె చాలావరకు ఆ 87లోవే. మా స్టూడెంట్లకి ఇది చెప్పి, మధ్యాహ్నం క్యారేజీ తెరిచి అన్నం పక్కన పెట్టి మిగతావి చూడమనేదాన్ని.

ఐదో అంతస్తు తోట:

చాలా థ్యాంక్స్ టీచర్ గారూ. వెదురు ముక్కలు ఈ ఆదివారమే కడతాను, వేపనూనె కొట్టడం మానేసి ఆ టైములో. చేత్తో అద్దిన మూడింటిలో రెండు పచ్చగా ఉన్నాయి, కాడ కూడా వంగింది. వచ్చే వానాకాలానికి ఆకాకర దుంప పెట్టాలనుకుంటున్నాను. దానికీ ఇలాగే చేయాలా?

రిటైర్డ్ బోటనీ లెక్చరర్ (తెనాలి):

పిందె పచ్చగా ఉండి కాడ కిందికి వంగిందంటే కట్టినట్టే. ఆకాకరలో మగ పువ్వు, ఆడ పువ్వు ఒకే తీగ మీద కూడా ఉండవు. మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఒక్క దుంప తెచ్చి పెడితే అది ఏదైనా సరే కాయ రాదు. కొనేటప్పుడే అడిగి ఆడ దుంపలతో పాటు ఒక మగ దుంప తప్పకుండా తెచ్చుకోండి. ఎనిమిది పది ఆడ తీగలకి ఒక్క మగ తీగ సరిపోతుంది, మీకు రెండు మూడు ఆడవి, ఒక మగది చాలు. మగ తీగ కాయదని మధ్యలో పీకేయకండి.